పక్క చేనుకు ఏది నొప్పి?

పత్తి మొక్క మీద 2,4-డి కలుపు మందు తుంపర పడితే, అప్పటికే విచ్చుకున్న ఆకులు దాదాపు ఎప్పటిలాగే ఉంటాయి. దెబ్బంతా ఆ తరువాత పుట్టే ఆకుల్లో బయటపడుతుంది. వెడల్పుగా రావాల్సిన లేతాకు సన్నగా చీలి బెండాకులా వస్తుంది. ఈనెలు పక్కపక్కనే ఇరుక్కుని నిలువుగా సాగుతాయి. తొడిమలు కిందికి వంగుతాయి. కొమ్మ చివర మెలి తిరుగుతుంది. పూత, పిందె రాలతాయి. మందు పడిన రోజు చేలోకి వెళ్లి చూసినా ఏమీ తెలియదు. వారం పది రోజులు గడిచాక రైతు కంట పడుతుంది. అప్పటికి పక్క చేలో మందు కొట్టిన మనిషి ఆ సంగతే మరిచిపోయి ఉంటాడు.

ఖమ్మం వైపు ఒక గట్టు మీద ఇద్దరు రైతులు అలాంటి ఆకు చేతిలో పట్టుకుని మాట్లాడుకోవడం విన్నాను. ఒకరిది మొక్కజొన్న, ఒకరిది పత్తి. వరసకు బావా బావమరుదులు.

"నా చేలో నేను కొట్టుకున్నా బావా. నా మొక్కజొన్నకేమన్నా అయిందా, నువ్వే చూడు."

పత్తి రైతు కాసేపు మాట్లాడలేదు. ఆ ఆకును అటూ ఇటూ తిప్పి, "నీదానికి కాదులే, నాదానికైంది" అన్నాడు.

మొక్కజొన్న రైతు అబద్ధం ఆడలేదు. తన పంట మీద నేరుగా కొట్టినా ఏమీ కాని మందు, ఎకరం అవతల ఎవరి పంటనో ఎలా పాడు చేస్తుందని అతను నిజంగానే అనుకుంటున్నాడు. నన్ను ఇన్నాళ్లుగా ఆలోచనలో పెట్టింది అతని అమాయకత్వమే. చెడు ఉద్దేశం ఉన్నవాడితో పేచీ ఏముంది, అతన్ని తప్పుపట్టడం తేలిక. ఉద్దేశం మంచిదే అయినా, తన అనుభవమే అతన్ని తప్పుదారి పట్టించినప్పుడు ఏం చేయాలి?

తిక్కన భారతంలో మనమంతా చిన్నప్పుడు వల్లెవేసిన పద్యం ఒకటుంది. ఇతరులు ఏది చేస్తే నీ మనసుకు నొప్పి కలుగుతుందో దాన్ని నువ్వు ఇతరులకు చేయకుండా ఉండటమే ధర్మమార్గాలన్నిటికీ ఆధారం అని దాని సారం. ఇంచుమించు ప్రతి సంస్కృతిలోనూ ఈ మాట ఏదో రూపంలో దొరుకుతుంది. నేను కూడా జీవితంలో చాలా విషయాలకు దాన్నే కొలబద్దగా పెట్టుకున్నాను. కానీ ఆ గట్టు మీద ఆ కొలబద్ద పనిచేయలేదు. మొక్కజొన్న రైతు దాన్ని నిజాయతీగానే వాడాడు. ఎవరైనా తన చేను మీద 2,4-డి కొడితే తనకు నష్టమా? కాదు, పైగా మేలు. అలాంటప్పుడు పక్కవాడికి నష్టం ఎలా అవుతుంది? తన నొప్పిని బట్టి ఇతరుల నొప్పిని కొలిచే మనిషి, తనకు నొప్పి లేని చోట గుడ్డివాడవుతాడు. ధర్మం తెలియని మనిషికే కాదు, దాన్ని తుచ తప్పక పాటించే మనిషికి కూడా ఈ గుడ్డితనం వస్తుంది.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే విషయం ఇంకా లోతుగా కనిపిస్తుంది. చార్లెస్ డార్విన్ తన కొడుకు ఫ్రాన్సిస్‌తో కలిసి మొక్కల కదలికల మీద 1880లో ఒక పుస్తకం అచ్చు వేశాడు. గడ్డిజాతి మొలక వెలుగు వైపు వంగుతుంది. కొసకు చిన్న టోపీ తొడిగితే వంగదు. అంటే కొస నుంచి కిందికి ఏదో కబురు వెళుతోందని వాళ్లు గ్రహించారు. ఆ కబురు మోసే పదార్థాన్ని 1920ల చివర్లో డచ్చి శాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ పట్టుకున్నాడు. దానికే ఆక్సిన్ అని పేరు. మొక్క ఎటు పెరగాలో, ఎంత పెరగాలో చెప్పేది అదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ వేరువేరుగా, రహస్యంగా సాగిన పరిశోధనల్లో ఆక్సిన్‌లా నటించే కృత్రిమ పదార్థంగా 2,4-డి బయటికొచ్చింది. యుద్ధం ముగిసీ ముగియగానే అది కలుపు మందుగా బజారుకెక్కింది. అది మొక్కను మాడ్చి చంపదు. "పెరుగు, పెరుగు" అని ఆగకుండా చెబుతూ ఉంటుంది. వెడల్పాకు మొక్క ఆ మాట విని, అదుపు తప్పి పెరిగి, మెలికలు తిరిగి చచ్చిపోతుంది. వరి, మొక్కజొన్న, జొన్న, చెరకు లాంటి గడ్డిజాతి పంటలు ఆ మందును తమలోనే విరిచేసి తట్టుకుంటాయి. వయ్యారిభామ చస్తుంది, మొక్కజొన్న నిలుస్తుంది. రైతుకు అది వరంలాగే కనిపించింది. కాదనడానికి నాకు నోరు రాదు.

కానీ పత్తి కూడా వెడల్పాకు మొక్కే. మిరప, టమాటా, కంది, పొద్దుతిరుగుడు, ద్రాక్ష కూడా అంతే. వీటిలో పత్తి మరీ సున్నితం. సిఫార్సు చేసిన మోతాదులో నూరో వంతు తగిలినా ఆకు ఆకారం మారిపోతుంది. అంత తక్కువ మందు చేరడానికి పెద్ద గాలివాన అక్కర్లేదు. కొన్నిసార్లు గాలితో పనే లేదు. నిన్న మొక్కజొన్నకు కలుపు మందు కొట్టిన పంపును సరిగ్గా కడగకుండా ఇవాళ పత్తికి పురుగు మందు పోస్తే చాలు. ఊళ్లో పది మంది చేతులు మారే అద్దె పంపు ఉన్న చోట ఇది ఎంత తేలిగ్గా జరుగుతుందో ఊహించుకోవచ్చు. పత్తి రైతు తన చేత్తోనే, తన పంపుతోనే, పక్కవాడి నిన్నటి పనిని తన చేను మీద చల్లుకుంటాడు. అప్పుడు తప్పు ఎవరిదని అడగాలి?

గాలి గురించి కూడా మనకు తప్పుడు నమ్మకాలు ఉన్నాయి. ఆకు కదలని సాయంత్రం మందు కొట్టడానికి మంచి సమయమని చాలామంది అనుకుంటారు. నిజానికి అదే అన్నిటికంటే ప్రమాదకరమైన సమయం కావచ్చు. ఎండ తగ్గి నేల చల్లబడినప్పుడు చల్లని గాలి కింద, వెచ్చని గాలి పైన పొరలుగా నిలిచిపోతాయి. సన్నని తుంపర పైకి పోయి చెదిరిపోకుండా, నేలకూ దిగకుండా, ఆ చల్లని పొరలో వేలాడుతూ ఎటు లాగితే అటు నెమ్మదిగా జరిగిపోతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వంద మైక్రాన్ల చుక్క పది అడుగుల ఎత్తు నుంచి నేలకు చేరడానికి పదీ పదకొండు సెకన్లు పడుతుంది. ఇరవై మైక్రాన్ల చుక్కకు నాలుగు నిమిషాలు కావాలి. నాలుగు నిమిషాల్లో అది ఎవరి చేలోకైనా పోగలదు. పురుగు మందుకు వాడే సన్న చుక్కల నాజిల్‌తోనే కలుపు మందు కూడా కొట్టడం, ఎండ మండుతున్నప్పుడు త్వరగా ఆవిరయ్యే ఎస్టర్ రకం వాడటం, నాజిల్ చుట్టూ తుంపరను ఆపే హుడ్ బిగించకపోవడం, ఇవన్నీ దీనికి తోడవుతాయి. సోడియం లవణం, అమైన్ లవణం, ఎస్టర్ అనే తేడాలు కొట్టువాడు చెప్పడు, రైతు అడగడు. డబ్బాతో వచ్చే కరపత్రం ఎన్నో మడతల మధ్య, ఎన్నో భాషల నడుమ, తెలుగును కూడా చీమ తలకాయంత అక్షరాల్లో ఇరికించి ఇస్తుంది. పొలం గట్టు మీద దాన్ని చదివే కళ్లు ఎవరికున్నాయి? "మేం చెప్పాం, అతను చదవలేదు" అనే వాదనకు నేను ఒప్పుకోలేను. వినపడేలా చెప్పనప్పుడు చెప్పినట్టు ఎలా అవుతుంది?

ఇలాంటి తగవు పెద్దదైతే ఎంత దూరం పోతుందో అమెరికా పదేళ్ల కిందట చూసింది. డైకాంబా అనే మరో కలుపు మందు కూడా 2,4-డి లాగే ఆక్సిన్ వేషం వేస్తుంది. దాన్ని తట్టుకునే పత్తి విత్తనం 2015లో, సోయాబీన్ విత్తనం 2016లో మోన్‌శాంటో కంపెనీ అమ్మకానికి పెట్టింది. ఆ పంటల మీద కొట్టడానికి తయారు చేసిన తక్కువ ఆవిరి రకం మందుకు మాత్రం 2016 నవంబరు దాకా అనుమతి రాలేదు. విత్తనం ముందొచ్చింది, మందు తరువాత వచ్చింది. ఈలోగా కొందరు రైతులు త్వరగా ఆవిరయ్యే పాత మందునే చట్టవిరుద్ధంగా కొట్టారు. పక్క చేలలో మామూలు సోయాబీన్ ఆకులు దోసిలి పట్టినట్టు ముడుచుకున్నాయి. 2016 అక్టోబరులో ఆర్కాన్సాస్-మిస్సోరీ సరిహద్దు దగ్గర ఒక రోడ్డు మీద, ఇదే విషయం తేల్చుకుందామని కలుసుకున్న ఇద్దరిలో ఒకరు మరొకరిని కాల్చి చంపారు. చనిపోయిన రైతు తన పంట దెబ్బతిందని ఫిర్యాదు చేసినవాడు. కాల్చిన మనిషికి మరుసటి ఏడు కోర్టు 24 ఏళ్ల శిక్ష వేసింది. అనుమతి ఉన్న కొత్త మందు వచ్చిన 2017లోనూ నష్టం ఆగలేదు, పెరిగింది. ఆ అక్టోబరు నాటికి దేశవ్యాప్తంగా 2,700కు పైగా ఫిర్యాదులు వచ్చాయి. దెబ్బతిన్న సోయాబీన్ సుమారు 36 లక్షల ఎకరాలని మిస్సోరీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఒకరు లెక్క కట్టారు. మిస్సోరీలో ఒక పీచు తోట యజమాని వేసిన దావాలో 2020 ఫిబ్రవరిలో జ్యూరీ మందు కంపెనీలను 26.5 కోట్ల డాలర్లు కట్టమంది. ఆ మొత్తం తరువాత బాగా తగ్గింది. మందుకిచ్చిన అనుమతిని కోర్టులు 2020లో ఒకసారి, 2024లో మరోసారి కొట్టేశాయి.

ఈ కథలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది కాల్పులు కాదు, కోట్ల డాలర్లూ కాదు. డైకాంబా వాడే ఉద్దేశమే లేని చాలామంది రైతులు కూడా ఆ తరువాతి ఏళ్లలో డైకాంబాను తట్టుకునే విత్తనమే కొన్నారు. ఎందుకని? పక్కవాడు కొడతాడు, తమ పంట పోతుంది, అందుకని. కవచంగా కొన్నారు. నొప్పి కలిగించినవాడు తన పని మార్చుకోలేదు. నొప్పి పడ్డవాడే తన పంటను మార్చుకున్నాడు. పీచు తోటకు మాత్రం తట్టుకునే రకం లేదు. టమాటా పెట్టుకున్న ముసలమ్మ పెరటికీ లేదు.

ఇప్పుడు తిక్కన పద్యం మళ్లీ గుర్తుకొస్తుంది. అందరూ ఒకే విత్తనం వేసిన రోజున ఆ కొలబద్ద మళ్లీ పనిచేస్తుంది. నాకు నొప్పి లేనిది నీకూ నొప్పి కాదు. సమస్య తీరిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ శాంతి ఎలా వచ్చింది? అవతలివాణ్ని అర్థం చేసుకోవడం వల్ల రాలేదు, అవతలివాడు అవతలివాడుగా మిగలకపోవడం వల్ల వచ్చింది. మనుషుల మధ్య కూడా ఇదే చేస్తూ వచ్చాం కదా. కొత్త కోడలికి "మేమంతా పడలేదా, నీకే వచ్చిందా" అన్నాం. హాస్టల్లో ఏడ్చే పిల్లాడికి "గట్టిపడు" అన్నాం. గట్టిపడలేకపోవడం వాళ్ల లోపమన్నట్టు మాట్లాడాం. పత్తి 2,4-డికి సున్నితమవడం పత్తి లోపమా? ఆ మందు పుట్టక ముందు ఎన్ని వేల ఏళ్లుగానో పత్తి హాయిగా పండింది. నిన్న మొన్న వచ్చిన మందు దగ్గర నిలబడి, అనాదిగా ఉన్న మొక్కను బలహీనమైనదని ఎలా అంటాం?

మన దగ్గర ఆ దారి తెరుచుకోలేదని ధీమాగా ఉండలేం. గ్లైఫోసేట్ అనే కలుపు మందును తట్టుకునే, అనుమతి లేని పత్తి విత్తనం మన రెండు రాష్ట్రాల్లోనూ బయటపడింది. 2018లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ గ్లైఫోసేట్ వాడకం మీద ఆంక్షలు పెట్టాయి. ఆంక్షలు పెట్టినంత తేలిగ్గా, మందుతోనే కలుపు వదిలించుకోవాలనే రైతు ఆశను ఆపలేం. కలుపు కూలీలు దొరక్క, దొరికినా కూలి కట్టలేక, వానలు వరసగా పడి గుంటక దిగని చేలో కలుపు మోకాళ్ల దాకా పెరిగితే రైతు ఏం చేస్తాడు? మందు కొట్టే రైతును దుర్మార్గుడిగా చూపించే రాతలంటే నాకు అందుకే కోపం. కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లు. మందు వచ్చి వాళ్ల నడుములకు విశ్రాంతి ఇచ్చిందా, వాళ్ల నోటి దగ్గర కూడు లాక్కుందా? రెండూ నిజమే. ఒకదాన్ని చెప్పి ఇంకోదాన్ని దాచే వాదన ఏదీ నాకు పూర్తిగా నచ్చదు.

మరి చట్టం ఏమంటుంది? 1868లో ఇంగ్లండులో రైలాండ్స్, ఫ్లెచర్ అనే ఇద్దరి మధ్య నడిచిన కేసులో ఒక సూత్రం స్థిరపడింది. ఒకరు తన భూమిలో కట్టించుకున్న జలాశయం నుంచి నీళ్లు పక్కవారి బొగ్గు గనిలోకి చేరాయి. తప్పించుకుపోతే కీడు చేసే వస్తువును తన నేల మీదికి తెచ్చి పెట్టుకున్నవాడు, అది తప్పించుకుపోయి చేసిన నష్టానికి తానే బాధ్యుడని, జాగ్రత్త పడ్డానన్న మాట చెల్లదని తేల్చారు. ఢిల్లీలో 1985 డిసెంబరులో ఓలియం వాయువు లీకైన కేసులో మన సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవారికి మినహాయింపులే ఉండవని 1986 డిసెంబరు తీర్పులో చెప్పింది. సూత్రం గొప్పదే. కానీ మూడెకరాల పత్తి రైతు, నాలుగెకరాల మొక్కజొన్న రైతు మీద, అందులోనూ బావమరిది మీద, ఈ సూత్రం పట్టుకుని కోర్టుకెక్కుతాడా? ఎక్కినా పరిహారంగా ఇవ్వడానికి బావమరిది దగ్గర ఏముంది? ఆకు మెలి తిరిగింది 2,4-డి వల్లేనని, అది ఫలానా చేను నుంచే వచ్చిందని రుజువు చేసేలోపు పంటకాలమే అయిపోతుంది. లాభం మీద హక్కు డబ్బా తయారు చేసినవాడి దగ్గర మొదలవుతుంది. నిందకు వచ్చేసరికి పంపు వీపున మోసినవాడి దగ్గర ఆగిపోతుంది. ఈ అమరికను న్యాయం అనడానికి నా మనసు ఒప్పుకోదు.

బాధ్యత చేతిలోంచి జారిపోయిన తరువాత కూడా దాన్ని వదలని ఒక మనిషి గురించి చెప్పాలి. ఆర్థర్ గాల్‌స్టన్ 1943లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో సోయాబీన్ మీద పరిశోధన చేశాడు. పంట త్వరగా పూతకు రావాలన్నదే ఆయన తాపత్రయం. తను వాడిన రసాయనం మోతాదు మించితే ఆకులు రాలిపోతాయని గమనించి రాసిపెట్టాడు. యుద్ధకాలపు సైనిక పరిశోధకులు ఆకులు రాల్చే రసాయనాల కోసం వెతుకుతూ తన పని కూడా చదివారని ఆయనకు తరువాత తెలిసింది. 1960లలో అమెరికా సైన్యం వియత్నాం అడవుల మీద, పొలాల మీద ఏజెంట్ ఆరెంజ్ అనే ఆకులు రాల్చే మందు చల్లింది. అందులో సగం 2,4-డి, సగం 2,4,5-టి. డయాక్సిన్ అనే ఘోర విషం ఆ రెండోదానిలోంచి వచ్చింది. చల్లింది గాల్‌స్టన్ కాదు, చల్లమన్నదీ ఆయన కాదు. ఏజెంట్ ఆరెంజ్ ఆయన చేసిన మందూ కాదు. అయినా "నాకేం సంబంధం" అనలేదు. సాటి శాస్త్రవేత్తలను కూడగట్టి, ఆ చల్లడం ఆపాలని ఏళ్ల తరబడి పోరాడాడు. 1971 నాటికి అది ఆగింది. మిగిలిన జీవితంలో శాస్త్రజ్ఞుడి నైతిక బాధ్యత గురించే బోధించాడు. ఉద్దేశం లేకపోయినా బాధ్యత ఉంటుందా అని ఎవరైనా అడిగితే నాకు ఆయనే గుర్తొస్తాడు. నేరం, బాధ్యత ఒకటి కావు. నేరం గడిచిపోయిన పనిని అంటిపెట్టుకుని ఉంటుంది. బాధ్యత ఇంకా చేయగలిగిన పనివైపు చూస్తుంది.

మొక్కజొన్న రైతు చేయగలిగింది ఏమిటి? అడగడం. "బావా, రేపు మందు కొడుతున్నా, నువ్వేం వేశావు, నీదానికేమన్నా అవుద్దా?" అని ఒక్క మాట. చిన్న మాటలానే ఉంటుంది కానీ, తన అనుభవం సరిపోదని ఒప్పుకోనిదే అది నోటికి రాదు. అవతలి చేను గురించి అవతలివాడికే ఎక్కువ తెలుసని నమ్మాలి. అమెరికాలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టిన ఒక పటంలో సున్నితమైన పంటలున్న రైతులు, తేనెటీగల పెంపకందారులు తమ జాగా గుర్తు పెడతారు. మందు కొట్టేవారు ముందు అది చూసుకోవాలని ఉద్దేశం. ఆస్ట్రేలియాలో పత్తికి వరసగా నష్టాలు జరిగాక 2018 అక్టోబరులో 2,4-డి వాడకం నిబంధనలు బిగించారు. లావు చుక్కలు పడే నాజిల్ వాడాలి, గాలి వీచే వైపు ఖాళీ పట్టీ వదలాలి, ఏ రోజు ఏ గాలిలో కొట్టారో రాసిపెట్టాలి. ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్ననే అడిగే పద్ధతులు. గట్టుకు ఇటూ అటూ ముఖాలు తెలిసిన మన ఊళ్లలో అంత పెద్ద ఏర్పాటు కూడా అక్కర్లేదు. ఏ పంట ఎక్కడుందో రైతు సేవా కేంద్రంలోనో రైతు వేదిక దగ్గరో ఒక బోర్డు మీద రాసినా సరిపోతుంది. కలుపు మందుకు వేరే పంపు కేటాయించినా కొంత నష్టం తప్పుతుంది.

కానీ ఇప్పుడు చాలా ఊళ్లలో మందు కొట్టేది రైతు కాదు, ట్యాంకుకు ఇంతని మాట్లాడుకుని వచ్చే కూలి మనిషి. గాలి మళ్లిందని అతనికే ముందు తెలుస్తుంది. తుంపర తన మొహానికే కొడుతుంది కాబట్టి. పంపు దించి ఆగితే పక్క పత్తి బతుకుతుంది. ట్యాంకులు తగ్గితే కూలి తగ్గుతుంది. పైగా పిలిచిన రైతు "ఏంరా, ఇంకా అవ్వలేదా" అంటాడు. పక్క చేను వాడికి ఇతను ఆగినట్టు కూడా తెలియదు, పడని నష్టం ఎవరికీ కనపడదు గనుక. ఆ ఆగిన పూట కూలి అతనికి ఎవరివ్వాలి? మొక్కజొన్న రైతా, పత్తి రైతా, డబ్బా అమ్మినవాడా? నన్నడిగితే మొదటి వాటా డబ్బా అమ్మినవాడిదే. మిగతాది బావా బావమరుదులిద్దరూ పంచుకోవాలి.